పన్నెండు అని చూపిన ఎనిమిది

వరంగల్ స్టేషన్ రోడ్డులో ఖాజా మొహినుద్దీన్ దుకాణం నాలుగడుగుల వెడల్పు. ఒక గాజుపెట్టె, ఒక స్టూలు, గోడకు లోలకం గడియారం. 1971లో తండ్రి పోయాక ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు అతనికి పంతొమ్మిదేళ్లు. తండ్రి నేర్పి పోయినవి రెండే సంగతులు. పట్టుకారు చేతిలో ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. బాగుచేసిన వాచీని మూడు రోజులు తన దగ్గర నడిపించి చూసుకోకుండా ఎవరికీ ఇవ్వకూడదు.

ఈ రెండో దానితోనే తగాదాలు వచ్చేవి. "రేపు పెండ్లికి పోవాలె, ఇయ్యి భాయ్" అని బతిమాలేవాళ్లు, తిట్టేవాళ్లు. ఖాజా నవ్వి, వాచీని మళ్లీ మేకుకు తగిలించేవాడు. "పెండ్లికి వాచీ లేకున్నా నడుస్తది అన్నా. తప్పు టైము చూపెట్టే వాచీతోని నడవది."

కాజీపేట జంక్షన్‌లో పనిచేసే గార్డులు, డ్రైవర్లు మాత్రం ఆ మూడు రోజుల కోసమే అతని దగ్గరికి వచ్చేవారు. రైలు ఉద్యోగంలో రెండు నిమిషాల తేడా అంటే సంజాయిషీ రాసుకోవడమే. "ఖాజా దగ్గర మూడు రోజులు పండిన వాచీ" అని వాళ్లలో వాళ్లకొక మాట.

రాజేశ్వర్ రావు అతనితో పాటు హనుమకొండ బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని చదివినవాడు. ఖాజా తొమ్మిదితో ఆపేశాడు. రాజేశ్వర్ రావు హైదరాబాదు పోయి డిగ్రీ తెచ్చుకుని, తిరిగొచ్చి రేడియోలు అమ్మాడు, తర్వాత టేపురికార్డర్లు, ఆ తర్వాత కాలిక్యులేటర్లు. మాట మంచి మాట. ఎండాకాలంలో దుప్పటి అమ్మగలడని బజారులో అనుకునేవారు. కానీ ఖాజాకు గుర్తున్నది అతని మాటలు కాదు. తండ్రి చివరి రోజుల్లో దవాఖానాలో పడుకుంటే, నాలుగు రోజులు కాలేజీ మానుకుని బయట వరండాలో కూర్చున్నవాడు రాజేశ్వర్. జనాజా లేచిన రోజు పాడెకు భుజం కూడా పట్టాడు. అది మరిచిపోయే సంగతి కాదు.

1980 దాటాక బజారులోకి సెల్లు వాచీలు వచ్చాయి. కీ ఇచ్చే పని లేదు, చెడితే పారేయడమే. ఖాజా మొదటిదాన్ని విప్పి చూసినప్పుడు లోపల స్ప్రింగు లేదు, ఊగే చక్రం లేదు. బియ్యపు గింజంత లోహపు గొట్టం ఉంది. కాజీపేటలో సిగ్నళ్లు చూసే ఒక ఇన్‌స్పెక్టరు అతనికి చెప్పాడు: ఆ గొట్టంలో ఒక రాయి ముక్క ఉంటుంది, అది సెకనుకు ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది సార్లు అదురుతుంది, ఆ అదురును లెక్కపెట్టి వాచీ టైము చెబుతుంది అని. తన అన్నం పోగొట్టిన ఆ రాయి మీద ఖాజాకు కోపం రాలేదు. పైగా ఆ అంకెను భార్య ఫాతిమా బేగంకు రెండుసార్లు చెప్పాడు. "ముప్పై రెండు వేలు! ఒక్క సెకన్ల!" ఆమె బియ్యం ఏరుతూ, "మంచిగనే అదురుతాంది. మన ఇంట్ల మాత్రం ఏం కదుల్తలేదు" అంది.

నిజమే. ఆరేళ్లలో దుకాణం సెల్లులు మార్చే డబ్బాగా మిగిలింది.

1987లో రాజేశ్వర్ రావు హనుమకొండ చౌరస్తాలో మేడమీద కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. నాలుగు మిషన్లు, చల్లగాలి పెట్టె, గాజు తలుపు, చెప్పులు బయట విడిచి రావాలని బోర్డు. పిల్లలకు నేర్పడం ఒక పని, ఆఫీసులకు మిషన్లు తెప్పించి ఇవ్వడం రెండో పని. ప్రారంభం అయిన మర్నాడే స్కూటరు మీద స్టేషన్ రోడ్డుకు వచ్చాడు.

"ఖాజా, నీ చేతులు కావాలె నాకు."

"నాకు గా మిషన్లు తెల్వయి గద రాజేశ్వర్."

"తెల్సినోళ్లు హైదరాబాదుల ఉన్నరు. వాళ్లకు నీ అసొంటి చెయ్యి లేదు. నేర్చుకుంటవు. నిన్ను చూస్తే ఊరు నమ్ముతది, గది సాలు నాకు."

ఆ ఆఖరి మాటను ఖాజా మెచ్చుకోలుగా తీసుకున్నాడు.

పొద్దున దుకాణం, మధ్యాహ్నం సైకిలు మీద హనుమకొండ. అలా మొదలైంది. సెంటర్‌లో పాఠాలు చెప్పే కళావతి బీఎస్సీ చదివిన అమ్మాయి, నెమ్మదస్తురాలు. ఆమె ఇంగ్లీషు పుస్తకం చదివి చెబుతుంటే ఖాజా వినేవాడు. మధ్యలో ఉన్న నల్లటి పెద్ద చిప్పు లెక్కలు చేస్తుంది. వరుసగా పేర్చిన చిన్న చిప్పులు జ్ఞాపకం పెట్టుకుంటాయి. ఆ రెండింటికీ లయ తప్పకుండా తాళం వేసేది, చిన్న లోహపు డబ్బీలో ఉన్న అదే రాయి. వాచీలో వేలల్లో అదిరేది ఇక్కడ లక్షల్లో, కోట్లలో. ఆ సంగతి విన్న రోజు ఖాజా సైకిలు తొక్కుకుంటూ తనలో తానే నవ్వుకుంటూ ఇంటికి వచ్చాడు. పోయిన పని వేరే వేషంలో తిరిగొచ్చినట్టనిపించింది.

మిషను ముఖం మీద రెండు ఎర్రటి అంకెలు వెలిగేవి. పక్కన ఒక బటన్. బటన్ బయటికి ఉంటే 6, లోపలికి నొక్కితే 12. "గది మన మిషను స్పీడ్" అని రాజేశ్వర్ రావు వచ్చినవాళ్లకు చూపించేవాడు. మిషను లేచేటప్పుడు తెర మీద జ్ఞాపకం లెక్క చకచకా ఎక్కుతూ ఆరు వందల నలభై దగ్గర ఆగేది. దాన్ని చూడటానికే కొందరు మెట్లెక్కి వచ్చేవారు.

ఆ ఎర్ర అంకెల పలకలు మొదట విడిగా అట్టపెట్టెలో వచ్చాయి. వెనక సన్నసన్న పిన్నులు, వాటికి తొడిగే నువ్వుగింజంత నల్లటి టోపీలు. రాజేశ్వర్ రావు ఒక కాగితం మీద బొమ్మ గీసి తెచ్చాడు.

"గిట్ల తొడుగు ఖాజా. గిట్ల పెడితేనే మీటరు సరిగ్గ చూపెడ్తది."

పాఠం చెబుతున్న కళావతి తలెత్తి చూసి, మళ్లీ పుస్తకంలోకి వంగింది. ఖాజా పట్టుకారుతో ఒక్కొక్క టోపీ తొడిగాడు. బోర్డు నుంచి ఒక సన్న తీగ ఆ పలకకు వస్తోంది. దాంట్లోంచే వేగం వచ్చి ఇక్కడ అంకెగా పడుతుందని అనుకున్నాడు. వాచీకి ముల్లు సరిచేసినట్టే ఇదీ ఒక సర్దుబాటు అనుకున్నాడు. ఆ కాగితం మడిచి దుకాణంలో గాజుపెట్టె కింద పెట్టుకున్నాడు, రేపు మళ్లీ పనికొస్తుందని.

1988 వానాకాలంలో కొత్తవాడ నుంచి కొమురెల్లి వచ్చాడు. నేల మీద పరిచే దర్రీలు నేసేవాళ్ల సంఘానికి కార్యదర్శి. రెండు వేల మగ్గాల పట్టిక పెట్టుకుని, నూలు పంచే రోజు వాడలవారీగా, పేర్లవారీగా కాగితం తీయాలని అతని కోరిక. రాజేశ్వర్ రావు అరగంట మాట్లాడాడు. కొమురెల్లి అంతా విని, ఖాజా వైపు తిరిగాడు.

"ఈ ఆరేంది పన్నెండేంది నాకు ఎర్కలేదు ఖాజా భాయ్. మా నాయన వాచీ నీ దగ్గర్నే బాగయింది. నువ్వు చెప్పు, నమ్ముత."

ఖాజా బటన్ నొక్కి చూపించాడు. "గిది ఆరు అన్నా. గిది పన్నెండు. రెండింతలు."

మిషను కొత్తవాడ పోయింది.

రెండు నెలల తర్వాత కొమురెల్లి దుకాణం ముందుకు వచ్చి నిలబడ్డాడు. మొహం ముడుచుకుని ఉంది.

"ఖాజా భాయ్, ఏమనుకోకు. హనుమకొండల మా అల్లుని ఆఫీసుల ఎన్మిది స్పీడ్ మిషను ఉన్నది. మా పట్టిక గాడికి పట్టుకపోయి ఏసి చూసినం. అది గంటకు చేసె. మా పన్నెండు గూడ గంటకే చేస్తాంది. నూలు కోసం ఆడోళ్లు వాకిట్ల కూసోని నన్ను తిడ్తాండ్రు. గిదేం లెక్క?"

"ఎక్కడ్నో దుమ్ము పట్టి ఉంటది అన్నా. నేనొచ్చి చూస్త."

మర్నాడు తన స్టీలు స్టాప్‌వాచీ జేబులో వేసుకుని కొత్తవాడకు పోయాడు. కళావతి నేర్పిన నాలుగు వరుసల ప్రోగ్రాం ఒకటి అతనికి వచ్చు. ఒకటి నుంచి లక్ష దాకా లెక్కపెట్టి టింగ్‌మంటుంది, అంతే. బటన్ బయట పెట్టి, ఆరు వెలుగుతుండగా నడిపించాడు. నలభై సెకన్లు. బటన్ నొక్కి, పన్నెండు వెలుగుతుండగా నడిపించాడు.

ముప్పై సెకన్లు.

మళ్లీ చేశాడు. ముప్పై. స్టాప్‌వాచీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అది బాగానే ఉంది. ఇంకోసారి చేశాడు. ముప్పై.

అంకె రెండింతలైతే టైము సగం కావాలి. నలభై సగమైతే ఇరవై. ముప్పై ఎందుకొస్తోంది? నలభైకి ఆరయితే ముప్పైకి ఎంతని వేళ్ల మీద లెక్క వేశాడు. ఎనిమిది వచ్చింది. ఆ లెక్కను కొమురెల్లికి చెప్పలేదు. "రేపు మళ్లీ వస్త" అని సైకిలెక్కాడు.

సెంటర్‌లో కళావతి ఒక్కతే ఉన్నప్పుడు పుస్తకం తీయించి చదివించుకున్నాడు. ఈ రకం మిషనులో రాయి ఎంత అదిరితే చిప్పు అందులో సగమే నడుస్తుందని ఆమె చదివి చెప్పింది. జ్ఞాపకం చిప్పుల మీద పేరు చివర ఉండే అంకె దాని ఆలస్యం అని, అది ఎంత తక్కువైతే అంత మంచిదని కూడా చెప్పింది.

"గా చిన్న చిప్పుల మీద పదిహేనంటే పన్నెండు కంటె ఎక్కువ గద అమ్మా? మనది పదిహేను అని సారు అందరికి గొప్పగ చెప్తాండు."

"పదిహేనంటే నూటయాభై నానోసెకన్లు అంకుల్. అడిగినంక జవాబిచ్చెటందుకు పట్టే టైము. పన్నెండున్నది తొందరగ ఇస్తది, పదిహేనున్నది ఆలస్యంగ. అది ఇచ్చేదాంక పెద్ద చిప్పు గూడ ఆగి చూసుడే." కాస్త ఆగి గొంతు తగ్గించింది. "సారుకు చెప్పిన నేను. 'వచ్చెటోళ్లకు ఎక్కువ అంకెనే ఎక్కువ' అన్నడు."

మర్నాడు కొత్తవాడలో మిషను మూత విప్పాడు. కంటికి భూతద్దం పెట్టుకుని వంగాడు. రెండు లోహపు డబ్బీలు. ఒకదాని మీద 12. దాన్ని చూసి గుండె కుదుటపడింది. కానీ రెండోదాని మీద 16 ఉంది. పన్నెండులో సగం ఆరు. పదహారులో సగం ఎనిమిది. అంటే పన్నెండు డబ్బీయే నిదానంది. స్టాప్‌వాచీ చెప్పింది నిజం.

పెద్ద చిప్పు మీద సెంటర్ పేరుతో ఒక స్టిక్కరు ఉంది. దాని అంచును పట్టుకారుతో లేపాడు. కింద పేరు చివర చిన్న గీత, గీత పక్కన 8. ఎనిమిది స్పీడ్ చిప్పే.

ఇక మిగిలింది ఎర్ర అంకెల పలక. బోర్డు నుంచి వచ్చే సన్న తీగను ఊడదీశాడు. ఆరు, పన్నెండు మారడం ఆగింది గానీ అంకె ఆరిపోలేదు. అంటే ఆ తీగ బటన్ నొక్కారా లేదా అన్నది ఒక్కటే చెబుతోంది. వేగానికి, అంకెకు పొత్తు లేదు. టోపీలు ఎక్కడ తొడిగితే అదే వెలుగుతుంది. తొడిగింది తనే.

ఖాజా తీగను మళ్లీ తగిలించి మూత బిగించాడు. పక్క షెడ్డులో మగ్గాలు ఆడుతున్నాయి.

రాజేశ్వర్ రావు తప్పుచేశాడన్న మాట అప్పుడు కూడా నోటికి రాలేదు. హైదరాబాదు వాడెవడో ఇతన్ని మోసం చేసి ఉంటాడు, చెబితే తనే దిద్దుతాడు అనుకున్నాడు. స్టేషన్ రోడ్డుకు పోయి గాజుపెట్టె కింది కాగితం తీసుకుని సెంటర్‌కు వచ్చాడు. తలుపు మూసి అంతా చెప్పాడు. రాజేశ్వర్ రావు ఒక్కసారి కూడా అడ్డం రాకుండా విన్నాడు.

"ఎవరికన్న చెప్పినవా?"

"ఇంకా లేదు. నిన్నడగకుంట ఎట్ల చెప్త?"

"మంచి పని చేసినవ్. హైదరాబాదు ఏజెన్సోడు ముంచిండు ఖాజా మనల్ని. వచ్చే ఐతారం సంఘం మీటింగున్నది గద. నేనే వచ్చి చెప్త, బోర్డు మార్చిస్త. అప్పటిదాంక నువ్వు నోరిప్పకు. ఫికర్ చేయకు." చెయ్యి చాచాడు. "ఆ కాయితం ఏది? ఇటియ్యి, నేను పై వాళ్లకు పంపాలె."

ఖాజా ఇచ్చాడు. రాజేశ్వర్ రావు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

ఆ ఐదు రోజులు ఖాజా ఇంట్లో సంతోషంగానే ఉన్నాడు. "చూసినవా, అన్నీ తనే చెప్తనన్నడు" అని ఫాతిమాతో రెండుమూడు సార్లు అన్నాడు. ఆమె, "నీ నోరు ఎందుకు మూపిచ్చిండు మరి?" అని అడిగింది. "నీకు తెల్వది ఆయన సంగతి" అని విసుక్కున్నాడు.

ఆదివారం పొద్దున సంఘం షెడ్డులో యాభై అరవై మంది చేరారు. రాజేశ్వర్ రావు తెల్ల చొక్కాతో వచ్చాడు, వెంట కళావతిని కూడా తెచ్చాడు. మిషను బల్ల మీద ఉంది. కొమురెల్లి లేచి తమ గోడు చెప్పాడు. తర్వాత రాజేశ్వర్ రావు లేచాడు.

"అన్నా, నేను టెక్నికల్ మనిషిని కాను. నా పని తెచ్చిచ్చుడు. ఫిట్టింగు మొత్తం ఖాజా చేతుల ఉన్నది. నమ్మి అప్పజెప్పిన. మొన్న తనే నా దగ్గరికొచ్చి లోపట తప్పున్నది అన్నడు. ఏం తిప్పిండో, ఏం మార్చిండో నాకు నిజంగ తెల్వది. మీరే అడుగుండ్రి."

అదంతా పైకప్పు రేకుల వైపు చూస్తూ చెప్పాడు.

ఖాజాకు ముందు ఆ మాటలు అర్థం కాలేదు. పేరు తనదే, కానీ ఎవరి గురించో చెబుతున్నట్టుంది. చుట్టూ ఉన్న మొహాలు తన వైపు తిరగడం చూశాక అర్థమైంది. లేచి నిలబడ్డాడు.

"నా చేతులతోనే తొడిగిన అన్నా. అది నిజం. కని రాజేశ్వరే కాయితం మీద గీసిచ్చిండు."

"కాయితం ఏది?" అన్నాడు రాజేశ్వర్ రావు.

ఖాజా అతని జేబు వైపు చూశాడు. ఆ తెల్ల చొక్కా జేబులో పెన్ను తప్ప ఏమీ లేదు. కళావతి వైపు చూశాడు. "అమ్మా, నువ్వున్నవు గద ఆ రోజు." కళావతి ఒళ్లోని చేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది.

ఇక చెప్పడం వదిలేసి ఖాజా మిషను దగ్గరికి పోయాడు. మూత తీశాడు, కరెంటు పెట్టాడు, జేబులోంచి పట్టుకారు తీశాడు. అందరూ చూస్తుండగా ఒక్కొక్క టోపీ తీసి వేరే పిన్నుకు తొడిగాడు. అంకెలు వంకరపోయాయి, సగం సగం వెలిగాయి, చివరికి 99 వెలిగింది.

"తొంభై తొమ్మిది! చూస్తాండ్రా? ఇగ లెక్క నడిపిస్తాన." స్టాప్‌వాచీని ముందు వరుసలో కూర్చున్న సమ్మమ్మ చేతిలో పెట్టాడు. ఆమె నలభై ఏళ్లుగా నూలు కండెలు చుడుతున్న ముసలామె. "టింగ్ అనంగనే గిది ఒత్తు అవ్వా."

టింగ్‌మంది. కొమురెల్లి వంగి చదివాడు. ముప్పై సెకన్లు.

"అంకె మార్తె పని మార్తదా బిడ్డా?" అంది సమ్మమ్మ. "గది పేరే గాని నడక కాదు."

షెడ్డులో కొందరు నవ్వారు. ఖాజాకు ప్రాణం లేచొచ్చింది. నిజం అందరికీ కనబడిందనుకున్నాడు. అంతలో రాజేశ్వర్ రావు మెల్లగా, బాధ పడుతున్నట్టుగా అన్నాడు:

"చూసిండ్రా? ఎంత అలవాటుగ మారుస్తాండో. ఈ చెయ్యే చేసింది అన్నా అదంతా."

నవ్వులు ఆగిపోయాయి.

తర్వాత జరిగిందంతా ఖాజాకు తెరలు తెరలుగా గుర్తుంది. చిప్పు మీది స్టిక్కరు సంగతి కొమురెల్లి గట్టిగానే అడిగాడు, ఆ స్టిక్కరు నీ సెంటరుది కదా అని. రాజేశ్వర్ రావు దానికి జవాబు చెప్పకుండా, తప్పు ఎవరిదైనా సంఘం నష్టపోకూడదనీ, తన మాట కోసం నెలలోపు నిజమైన పన్నెండు బోర్డు పెట్టిస్తాననీ ప్రకటించాడు. ఒక్క షరతు. ఇక మీద ఖాజా ఆ మిషను ముట్టకూడదు. పెద్దలు ఒకళ్లనొకళ్లు చూసుకుని ఒప్పుకున్నారు. కొమురెల్లి కూడా ఒప్పుకున్నాడు. పోతూ పోతూ ఒకాయన, పేరు కూడా తెలియని మనిషి, ఖాజా భుజం మీద చెయ్యి వేసి, "ఆశ ఎవన్నన్నా చెడగొడ్తది భాయ్" అన్నాడు. ఆ ఓదార్పు రాజేశ్వర్ రావు మాట కంటే లోతుగా దిగింది.

ఇంటికొచ్చి చాప మీద కూర్చున్నాడు. ఫాతిమా ఏమైందని అడిగింది. ఆమె నీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. నీళ్లు తాగి అన్నాడు: "మా అబ్బాను మోసినోడు ఫాతిమా. భుజం మీద మోసినోడు."

ఆమె అప్పుడు 'నేను చెప్పలేదా' అనలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ అనలేదు.

కొమురెల్లి నెల తర్వాత దుకాణానికి వచ్చాడు. కొత్త బోర్డు వచ్చిందని, పట్టిక నలభై నిమిషాలకే అయిపోతోందని చెప్పాడు. ఆ పైన కాసేపు గాజుపెట్టె అంచు తడుముతూ నిలబడ్డాడు.

"నువ్వు చెయ్యలేదని నాకెర్కనే ఖాజా భాయ్. ఆ దినమే ఎర్క. కని బోర్డు రావాలె గద. నేను నీ దిక్కు మాట్లాడితే ఆయన లేచి పోతుండె. రెండు వేల మగ్గాల పని."

"మంచిదే చేసినవ్ అన్నా" అన్నాడు ఖాజా. కోపంతో కాదు, నిజంగానే అన్నాడు. తను ఆ కుర్చీలో ఉంటే ఏం చేసేవాడో అతనికి తెలియదు. కానీ కొమురెల్లి పోయాక ఒక విషయం బాధించింది. తనను నమ్మినవాడు కూడా ఆ నమ్మకాన్ని షెడ్డు బయటికి వచ్చాకే చెప్పాడు.

బజారులో మాట రకరకాలుగా తిరిగింది. ఇద్దరూ కలిసి చేసి వాటాల దగ్గర తగువు పడ్డారన్నది వాటిలో అందరికీ నచ్చిన కథ. పన్నెండేళ్లుగా వస్తున్న కాజీపేట గార్డు ఒకాయన తన వాచీ చూపించి, "మూడు రోజులు ఎందుకు పెట్టుకుంటవ్ భాయ్, లోపట ఏమన్న మారుస్తవా?" అని నవ్వుతూ అడిగాడు. అది హాస్యమే కావచ్చు. ఆయన మళ్లీ రాలేదు. కళావతి ఒకసారి చౌరస్తాలో ఎదురుపడింది, చూసి రోడ్డు దాటి అవతలి పక్కకు పోయింది. ఆమె మీద మాత్రం ఖాజాకు కోపం నిలవలేదు. ఇంట్లో ముగ్గురు చెల్లెళ్లున్నారని అతనికి తెలుసు.

అయినా ఒకరిద్దరు రావడం మొదలుపెట్టారు. మిషను కొనేముందు వచ్చి, ఒకసారి చూసి చెప్పమనేవారు. ఖాజా పోయేవాడు. ముఖం మీది అంకె వైపు చూడకుండా మూత విప్పించేవాడు. డబ్బీ మీది అంకెలో సగం, పెద్ద చిప్పు చివరి అంకె, జ్ఞాపకం చిప్పుల చివరి అంకె, ఆపైన స్టాప్‌వాచీ. ఈ నాలుగూ కాగితం మీద రాసి ఇచ్చేవాడు. మంచిదా చెడ్డదా అని అడిగితే, "నేను చెప్ప. గివి చూసుకోని నువ్వే తెల్సుకో" అనేవాడు. తన మాట మీద ఎవరూ ఏదీ కొనకూడదని గట్టిగా పెట్టుకున్నాడు.

1989 చలికాలంలో ఒక మధ్యాహ్నం దుకాణం ముందు స్కూటరు ఆగింది. ఖాజా తలెత్తకుండానే గుర్తుపట్టాడు. అప్పుడే ఒక గిరాకీ స్టూలు పక్కన నిలబడి తన వాచీ కోసం చూస్తున్నాడు. రాజేశ్వర్ రావు లోపలికి వంగి, ఏమీ జరగనట్టు మొదలుపెట్టాడు.

"కొత్త ఏజెన్సీ తీసుకున్న ఖాజా. ఈసారి మొత్తం అసలు సరుకు. నీ అసొంటోడు ఒక్కడు దొరుకుతలేడు నాకు. అయిందేదో అయింది, పాతయన్ని పట్టుకోని ఎన్ని దినాలుంటం?"

ఖాజా కంటికున్న భూతద్దం తీసి పక్కన పెట్టాడు. ఏడాదిగా ఈ మనిషి వస్తే అనాలనుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. అవేవీ రాలేదు.

"ఒక్కటి అడుగుత. నిజం చెప్పు. కాయితం గీసిచ్చిన నాడు నీకు ఎర్కనా?"

రాజేశ్వర్ రావు రోడ్డు వైపు చూశాడు. అప్పుడన్నాడు:

"చెప్తే నువ్వు చేస్తుంటివా?"

ఏజెన్సీవాడు ముంచాడేమో అన్న ఒక చిన్న ఆశ ఖాజా మనసులో అప్పటిదాకా ఏ మూలో ఉండేది. అది ఉందని కూడా అతనికి అప్పుడే తెలిసింది, పోయాక.

"చెయ్యకపోదును" అన్నాడు. "చెయ్యకపోదును గని, నీ దోస్తుగ ఉండేటోణ్ణి. నీకు ఇంకో మనిషి దొరుకుతుండె. నాకు నువ్వు ఉంటుంటివి."

రాజేశ్వర్ రావు గిరాకీ వైపు ఒకసారి చూసి, స్కూటరు దగ్గరికి నడిచాడు. స్కూటరు రెండు తన్నులకు గానీ లేవలేదు.

గిరాకీ అడిగాడు, "భాయ్, నా వాచీ?"

ఖాజా పట్టుకారు తీసుకున్నాడు. చిన్న మర ఒకటి పట్టుకోబోతే జారింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. పట్టుకారును మెల్లగా గాజుపెట్టె మీద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"రేపు రా అన్నా. ఇయ్యాల చెయ్యి నిలుస్తలేదు."

పద్దెనిమిదేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి.